మూఢం మూడు నెలలు: కేటరింగ్ వాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారు?

గరిటె వారసుడు (2025 నవంబరు 9, రాత్రి 11:20)

అందరికీ నమస్కారమండి. ఇప్పుడే వనభోజనాల వంట ముగించి, గిన్నెలు షెడ్డులో దింపించి ఇంటికొచ్చాను. కాళ్ళు లాగేస్తున్నాయి గానీ నిద్ర పట్టట్లేదు.

మాది కోటిపల్లి దగ్గర ఊరు. నాన్నగారు ముప్ఫై ఏళ్ళ పైనుంచీ వంట మేస్త్రీ. గాడిపొయ్యి తవ్వి సరుగుడు కర్రలు పెట్టి వండిన రోజుల నుంచీ ఆయన చేతి దప్పళానికి ఇటు రామచంద్రపురం నుంచి రేవు అవతల ముక్తేశ్వరం దాకా పేరుంది. నేను బీకాం చదివి హైదరాబాదులో నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, కరోనాలో ఇంటికొచ్చి, ఇక ఇందులోనే ఉండిపోయాను. ఏడాదికి అటూ ఇటూగా 26 వేల ప్లేట్లు వండుతాం. శాకాహారం ప్లేటు 260 రూపాయలు, అన్నీ పోగా 45 మిగులుతుంది. మిగిలిందని నేననుకుంటాను, నాన్నగారు నమ్మరు.

సంగతేంటంటే, ఈ నెల 26 నుంచి శుక్ర మూఢం. మా పురోహితుడి గారి లెక్కన ఫిబ్రవరి 17 దాకా ముహూర్తాల్లేవు. ఎనభై రోజుల పైమాట. పెళ్ళిళ్ళు లేవు, గృహప్రవేశాలు లేవు. సత్యనారాయణ వ్రతం చేయించుకునేవాళ్ళు కూడా "మూఢం వెళ్ళాక చూద్దాం లెండి" అంటున్నారు.

ఖర్చు మాత్రం మూఢం చూడదు. నెల జీతం మీద ఉన్నవాళ్ళు నలుగురు, వాళ్ళకి 62,000. షెడ్డు అద్దె 8,000. వ్యాను వాయిదా 13,400. అంటే నెలకి 83,400. మూఢం అయ్యేసరికి రెండు లక్షల పాతిక వేలు దాటుతుంది. చేతిలో ఉన్నది లక్షా నలభై. ఇవి కాక ఇంకో పదిమందికి దసరాకి తలా పదిహేను వేలు అడ్వాన్సు ఇచ్చి ఉన్నాను. పెళ్ళి రోజుల కూలీలో కోసుకోవాలి అది. పనే లేకపోతే వాళ్ళు రాజమండ్రో హైదరాబాదో వెళ్ళిపోతారు, ఆ లక్షన్నరా వాళ్ళతోనే వెళ్ళిపోతుంది. మళ్ళీ ఫిబ్రవరిలో వడ్డించే కుర్రాళ్ళని వెతుక్కోవాలి.

కార్తీకంలో కాస్త వెనకేసుకుందామనుకుంటే మొంథా తుఫాను వచ్చింది. అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది కదా, 2వ తేదీ ఆదివారం నాటికి తోటల్లో ఇంకా నీళ్ళే. మూడు వనభోజనాలు పోయాయి. అడ్వాన్సులు తిరిగిచ్చేశాం. వచ్చే ఏడు మళ్ళీ వాళ్ళ గుమ్మమే తొక్కాలి కదండీ.

ఇప్పుడు నా ముందు మూడు దారులున్నాయి.

పెద్దకర్మ భోజనాలు ఒకటి. వాటికి ముహూర్తంతో పనిలేదు. నెలలో ఏడెనిమిది మంది అడుగుతారు, నాన్నగారు ఒప్పుకోరు. "పెళ్ళి బూరెలు వండే మూకుట్లో కర్మ గారెలు వేస్తావా" అని ఒకటే మాట.

మండపేటలో కర్రీ పాయింట్ పెట్టమని స్నేహితుడు అంటున్నాడు. షాపు చూశాడు కూడా.

మూడోది, ఒక ఫంక్షన్ హాలు ఓనరు గారు మూడు లక్షలు డిపాజిట్ కడితే రెండేళ్ళు హాలులో వంటంతా మాదే అంటున్నారు. ఆ పైన ప్లేటుకి ఇరవై ఆయనకి. డబ్బు ఇప్పుడే కట్టాలట.

ఏది చెయ్యమంటారు? ఈ పనిలో ఉన్నవాళ్ళు చెప్పండి. ఊరికే "ధైర్యంగా ఉండు బ్రో" అనేవాళ్ళు వద్దండి.

పాలకొల్లు పొయ్యి (నవంబరు 10, ఉదయం 6:05)

తమ్ముడూ, కర్రీ పాయింట్ జోలికి వెళ్ళకు. పద్నాలుగు నెలలు నడిపి మూసేసినవాణ్ణి చెప్తున్నాను.

కేటరింగులో నీకు అలవాటైంది ఏంటి? నాలుగొందల మంది అని ముందే చెప్తారు, సగం డబ్బు ముందే ఇస్తారు, తర్వాత నువ్వు పొయ్యి వెలిగిస్తావు. కర్రీ పాయింటులో ముందు వండాలి, ఆ తర్వాత ఎవరొస్తారో చూడాలి. పదకొండింటికల్లా పది రకాలు కౌంటరు మీద ఉండాలి. పన్నెండు నుంచి రెండు దాకా బేరం. ఆ రెండు గంటల్లో వాన పడిందో, అంతే. కార్తీక మాసంలో చికెన్ కదలదు. సోమవారం ఏదీ కదలదు. నెలాఖరులో పప్పూ సాంబారూ తప్ప ఎవరూ అడగరు.

నా షాపులో రోజు అమ్మకం 3,800 దాకా ఉండేది. మిగిలిపోయిన కూర రోజుకి ఆరొందల విలువ చేసేది. 26 రోజులకి 15,600. అంటే నేను పెట్టుకున్న వంటవాడి జీతమంతా గేదెల కుడితిలో పోశానన్నమాట. ఆ గేదె కూడా మాది కాదు, పక్కింటివాళ్ళది.

మీ నాన్నగారి చెయ్యి నాలుగొందల మంది చెయ్యి. ఆయన చేత రెండు కిలోల దొండకాయ వేపుడు చేయించి చూడు, ఉప్పు ఎక్కువవుతుంది.

ఆచంట బాబాయి (నవంబరు 10, ఉదయం 9:40)

అబ్బాయ్, మీ నాన్నగారు ఎవరో నాకు తెలియదు గానీ ఆ మాట ఎందుకన్నారో నాకు తెలుసు. అది ఒట్టి చాదస్తం అని కొట్టిపారెయ్యకు. పెళ్ళి మాట్లాడుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు వంటవాణ్ణి అడిగే ప్రశ్నల్లో "మీరు కర్మలు కూడా చేస్తారా" అన్నది ఒకటి. నన్ను అడిగారు. ఒకావిడ అయితే మూకుళ్ళు చూపించమంది. నువ్వు ఒక్క కర్మ వండితే, ఆ ఇంటి బంధువుల్లోనే రేపు పెళ్ళి ఉంటుంది. ఈ నేల మీద ఎవరు ఎక్కడ వండారో అందరికీ తెలుసు.

అలాగని ఆ డబ్బు వదిలెయ్యమనను. నేను చేసింది చెప్తా. మా దగ్గర పెద్ద సహాయకుడు ఒకడుండేవాడు, నా దగ్గరే పద్దెనిమిదేళ్ళు. వాడి పేరు మీద వాణ్ణే వెళ్ళి మాట్లాడుకోమన్నాను. గిన్నెలు నావి కావు, అద్దెవి. వ్యాను నాది కాదు. నాలుగు నెలల్లో వాడికి పేరొచ్చింది, నా కుర్రాళ్ళకి కూలి దొరికింది, నా అడ్వాన్సు వాడి ద్వారా నాకు తిరిగొచ్చింది. నేను ఒక్క గుమ్మం తొక్కలేదు. లాభం నాకేం రాలేదు, వాడికే. కానీ ఫాల్గుణంలో ముహూర్తాలు మొదలయ్యేసరికి నా పదిమందీ నా ఎదురుగా ఉన్నారు. నువ్వు ఇప్పుడు కాపాడుకోవలసింది మనుషుల్నే.

కర్మ వంటలో ఇంకో సంగతి. కబురు వచ్చేసరికి వారం పది రోజులే ఉంటుంది. అడ్వాన్సు అడగడానికి నోరు రాదు. బాకీ వసూలుకి వెళ్తే "ఇంకా ఆస్తుల లెక్క తేలలేదు" అంటారు. అన్నదమ్ములు ముగ్గురుంటే ఎవరు ఇవ్వాలో నువ్వు తేల్చుకోవాలి. ఒక్కరి మాట మీదే వండు.

ఇంకోటి, అయ్యప్ప స్వాముల భిక్ష. దీన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోలేదు? ఈ నెల పదిహేడు నుంచి డిసెంబరు 27 మండల పూజ దాకా ఊరూరా ఉంటాయి. మీకు ద్వారపూడి గుడి అంత దగ్గర. వందా నూటయాభై మందికి మధ్యాహ్నం భోజనం, డబ్బు పెట్టేది ఒక్క ఇంటివాళ్ళు, బేరమాడరు. ఉల్లీ వెల్లుల్లీ వద్దంటారు చాలామంది, మాంసం తగలని గిన్నెలు కావాలంటారు. అది చూపించగలిగితే నోటి మాట మీదే రోజు మార్చి రోజు ఆర్డరు వస్తుంది. పెద్ద లాభం కాదు గానీ నెల జీతాలు గట్టెక్కుతాయి.

సంక్రాంతికి కోడిపందాల బరి దగ్గర బిర్యానీ స్టాలు పెడదామని ఎవడో ఒకడు నీ దగ్గరికి వస్తాడు. పోలీసులు వచ్చిన రోజున డేగిసాలు వదిలేసి పరిగెత్తాలి. నాకు తెలిసినవాడు పరిగెత్తాడు.

బంజారాహిల్స్ నుంచి (నవంబరు 10, మధ్యాహ్నం 1:15)

బ్రదర్, మీరు ఇన్‌స్టాలో పేజీ పెట్టి "గోదావరి రుచులు" అని బ్రాండింగ్ చేసుకుంటే హైదరాబాదులో డిమాండ్ మామూలుగా ఉండదు. క్లౌడ్ కిచెన్ ఆలోచించండి.

పాలకొల్లు పొయ్యి (నవంబరు 10, మధ్యాహ్నం 1:32)

ఆ పేరుతో ఇప్పటికి ఎన్ని పేజీలున్నాయో లెక్కపెట్టి చెప్పండి సార్, తర్వాత మాట్లాడుకుందాం.

కాకినాడ ఖాతా పుస్తకం (నవంబరు 10, రాత్రి 8:50)

నేను లెక్కలు రాసేవాణ్ణి, వంట రాదు. హోటళ్ళూ కేటరింగులూ కలిపి ఓ పాతిక మంది పుస్తకాలు చూస్తాను. అందుకని ముందు హాలు సంగతి.

మూడు లక్షలు మీ చేతిలో లేవు, అప్పు తేవాలి. మన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకుందాం. నెలకి 6,000, ఏడాదికి 72,000. ఆ హాలులో ఏడాదికి 18 ఫంక్షన్లు, ఒక్కోదానికి 400 ప్లేట్లు వస్తాయనుకున్నా 7,200 ప్లేట్లు. అంటే వడ్డీయే ప్లేటుకి 10 రూపాయలు. ఆయనకి ఇరవై. మీ 45లో 30 పోయాయి. మిగిలిన పదిహేనులో సాంబారు మాడితే ఏముంటుంది?

ఇంకా ముఖ్యమైంది, ఆయన డబ్బు ఇప్పుడే ఎందుకు అడుగుతున్నారో ఆలోచించారా? మూఢం మీకే కాదు, హాలుకి కూడా. ఖాళీ హాలు కరెంటు బిల్లు మీ చేత కట్టించుకుంటున్నారు. ఫిబ్రవరి తర్వాత కూడా ఏమంత ధారాళం కాదు. వచ్చే ఏడు అధిక జ్యేష్ఠం ఉంది, మే 17 నుంచి జూన్ 15 దాకా. వేసవి పెళ్ళిళ్ళలో నడిమి నెల పోతుంది. తర్వాత నిజ జ్యేష్ఠం ఒక్కటీ అయ్యాక ఆషాఢమే. అందుకని పుస్తకం చూపించమనండి, మార్చి నుంచి మే దాకా హాలుకి ఇప్పటికే ఎన్ని తేదీలు బుక్ అయ్యాయో. చూపించకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

రెండోది. 26 వేల ప్లేట్ల మీద ఈ రెండు లక్షల పాతిక వేలు పరిస్తే ప్లేటుకి సుమారు తొమ్మిది రూపాయలు. మూఢం ఆకాశం నుంచి ఊడిపడదు. ఉగాదికి పంచాంగం చేతికొచ్చిన రోజునే తెలుస్తుంది. అంటే మీ ప్లేటు ధరలో ఆ తొమ్మిది ముందే ఉండాలి, వేరే ఖాతాలో పడాలి. మీరు 45 లాభం అనుకుంటున్నది నిజానికి 36. నాన్నగారు నమ్మట్లేదన్నారు చూడండి, ఆయనే కరెక్టు.

పన్ను సంగతి కూడా చెప్పేస్తాను. కేటరింగు మీద 5 శాతం, సరుకుల మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు. అందుకే సెప్టెంబరు 22 నుంచి నెయ్యి మీద పన్ను 12 నుంచి 5 అవడం మీకు నేరుగా కలిసొస్తుంది. పాత రేటుకే నెయ్యి బిల్లు రాస్తున్న కొట్టు ఉంటే కొట్టు మార్చండి. మీ నెయ్యి వాడకం ఎంతో రాయలేదు. మేస్త్రీ గారు చెప్పిన అంచనా కాదు, బిల్లులు చూసి చెప్పండి.

గరిటె వారసుడు (నవంబరు 10, రాత్రి 11:05)

పాలకొల్లు అన్నయ్యా, షాపు వద్దని స్నేహితుడికి చెప్పేశాను. వాడు అలిగాడు.

ఖాతా పుస్తకం గారూ, మీ లెక్క నాన్నగారికి చదివి వినిపించాను. "నాన్నగారే కరెక్టు" అన్న చోట ఇంకోసారి చదవమన్నారు. హాలు ఓనరు గారికి ఫోన్ చేసి తేదీలు అడిగితే, "మీకు నమ్మకం లేకపోతే ఎలాగండి" అన్నారు. అర్థమైంది.

బాబాయి గారూ, భిక్ష సంగతి నిజంగా తట్టలేదు. మేము వండుతూనే ఉంటాం గానీ ఊరి స్వాములకి ఊరికే చేసిపెట్టడమే తప్ప బయట ఆర్డరు పట్టలేదు. మాంసం తగలని గిన్నెలు రెండు జతలున్నాయి. పెద్దకర్మ సంగతి మా పెద్ద సహాయకుడితో మాట్లాడాలి. నాన్నగారితో ఇంకా అనలేదు.

ఇవన్నీ చేసినా నలుగురి జీతం, ఐదారుగురి కూలి. మిగతావాళ్ళ మాటేంటి?

సారె కావిడి (నవంబరు 11, ఉదయం 5:30)

నాయనా, నేను అమలాపురంలో సారెలు చేస్తాను, పదకొండేళ్ళయింది. నిన్న రాత్రి ఇదంతా చదివి నవ్వుకున్నాను. మగవాళ్ళు నలుగురు కూర్చుని వడ్డీ లెక్కలు కడుతున్నారు గానీ, సంక్రాంతి అన్న మాట బాబాయి గారు ఒక్కరే, అదీ కోడిపందాల దగ్గర ఎత్తారు.

నీ ఆర్డర్ల పుస్తకం తియ్యి. ఈ ఏడు నువ్వు ఆడపెళ్ళివారి తరఫున వండిన ఇళ్ళెన్ని? ఆ ఇళ్ళన్నిటికీ ఈ భోగికి కొత్త అల్లుడు వస్తున్నాడు. పెళ్ళి భోజనం నీ చేతిది తిని వెళ్ళినవాడే. ఆ ఇంటి అడ్రసు నీ దగ్గరుంది, ఫోను నంబరుంది, వాళ్ళింట్లో ఎవరు తీపి తినరో కూడా నీకు తెలుసు. ఇంతకన్నా ఏం కావాలి? శుక్రుడు ఏ మూల ఉంటే అల్లుడికేంటి!

రెండు పనులు చెప్తాను.

మొదటిది, మూడు రోజుల వంట. భోగి 14, పండగ 15, కనుమ 16. ఒక వంటమనిషి, ఇద్దరు సాయం, ఆ ఇంట్లోనే పొద్దుటి నుంచి రాత్రి దాకా. సరుకులు వాళ్ళవి, చెయ్యి నీది. ప్లేటు రేటు మాట ఎత్తకు, మూడు రోజులకి ఇంత అని ఒక్క మాట. నువ్వు పెట్టుబడి పెట్టేది సున్నా. నీ పద్నాలుగు మందిని నాలుగు జట్లు చెయ్యి, నాలుగు ఇళ్ళు. ఇంటావిడ కొత్త అల్లుడి పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డించాలి గానీ పొయ్యి దగ్గర చెమటలు కక్కకూడదు కదా, దానికే నీకు డబ్బు. కనుమ నాడు మాంసం వండాలి, మినప గారెలు వెయ్యాలి, అది ముందే మాట్లాడుకో. కొంతమంది వంటవాళ్ళు ఆ రోజు ప్రభల తీర్థం చూసొస్తానని మాయమైపోతారు. కనుమ రాత్రి దాకా కూలి చేతికివ్వకు.

రెండోది సారె. ఇక్కడ జాగ్రత్తగా విను, కేటరింగు వాళ్ళు అందరూ చేసే తప్పు ఇక్కడే. యాభై ఒక్క రకాలు చేస్తామని ఒప్పుకుంటారు. చెయ్యకు. నీ షెడ్డులో బాగా వచ్చేవి ఆరే చెయ్యి. అరిసెలు, పాకుండలు, సున్నుండలు, బూంది లడ్డు, జంతికలు, చేగోడీలు. మడత కాజా తాపేశ్వరం నుంచి తెచ్చుకో, మీకు పక్కనే. వాళ్ళు రోజూ చేసేదాన్ని నువ్వు ఏడాదికోసారి చేసి గెలవలేవు. పూతరేకులు ఆత్రేయపురంలో చేసే ఆడవాళ్ళ దగ్గరే తీసుకో, ఎక్కడో చుట్టించి ఆ ఊరి పేరు వెయ్యకు. 2023లో ఆ పేరుకి జీఐ, అంటే ఆ ఊరి సరుకే అన్న గుర్తింపు వచ్చింది, ఊరికే వాడుకునే పేరు కాదు ఇప్పుడు. బూరెలు సారెలో పెట్టమంటారు, వద్దను. పూర్ణం రెండో రోజుకే పాడవుతుంది, మూడో రోజు వియ్యపురాలు ఫోన్ చేస్తుంది.

సారె కిలోల్లో మాట్లాడుకుంటే గొడవ. వాళ్ళకి కావలసింది ముక్కలు. వీధిలో ఎనభై గడపలుంటే గడపకి రెండు అరిసెలు, రెండు లడ్లు, ఒక కాజా. వియ్యపురాలి ఊళ్ళో ఎన్ని గడపలో కనుక్కుని అప్పుడు రేటు చెప్పు. పైన పదిశాతం ఎక్కువ పెట్టు, విరిగేవి విరుగుతాయి.

డిసెంబరు మొదటి వారంలోపు ఫోన్లు అయిపోవాలి, సగం డబ్బు పట్టుకోవాలి. ఆ డబ్బుతోనే బెల్లం, నువ్వులు, నెయ్యి, మోరి జీడిపప్పు. అరిసెలు పండక్కి పది రోజుల ముందు మొదలు, లడ్డు ఆఖరి నాలుగు రోజుల్లో. అరిసెల పాకం మాత్రం వంట మేస్త్రీలకి అప్పగించకు. మీ ఊళ్ళో అరవై దాటిన ఆడవాళ్ళు ఇద్దరిని కూర్చోబెట్టు. పెళ్ళి వంట చేసే మగవాళ్ళు పాకం చూసేటప్పుడు ఫోను చూస్తారు. తడిపిండి ఆరిపోతే అరిసె రాయి అవుతుంది, పాకం లేతదైతే నూనెలో విచ్చిపోతుంది. వంద కిలోల పిండి అలా పోగొట్టుకున్నాను మొదటి ఏడు, ఎవరికీ చెప్పలేదు.

ఇది ఈ మూఢానికే కాదు. అధిక మాసం అయ్యాక ఆషాఢం వస్తుందని ఖాతా పుస్తకం గారు భయపెట్టారు కదా, ఆషాఢం సారె కావిడి అప్పుడే వెళ్తుంది మరి.

కాకినాడ ఖాతా పుస్తకం (నవంబరు 11, ఉదయం 10:20)

అమ్మగారికి నమస్కారం. దీనికి నేను కలిపేది ఒక్కటే. స్వీట్లు అమ్మడం సరుకు అమ్మకం, కేటరింగు సేవ. రెండిటికీ బిల్లు పుస్తకాలు వేరుగా పెట్టండి, ఒకే బిల్లులో రాయకండి. పెట్టెల మీద తయారైన తేదీ, ఎన్నాళ్ళలోపు తినాలో రాయించండి. విడిగా అమ్మే మిఠాయిలకి కూడా 2020 అక్టోబరు నుంచి దుకాణంలో ఎప్పటిలోపు తినాలో ఆ తేదీ కనబడేట్టు పెట్టాలని ఉంది. వియ్యపురాలి ఫోను కూడా తగ్గుతుంది.

ఆచంట బాబాయి (నవంబరు 11, ఉదయం 11:00)

అమ్మా, పాకం దగ్గర ఫోను చూసే మగవాళ్ళలో నన్ను కలపకు. నా ఫోన్ బటన్లది.

గరిటె వారసుడు (నవంబరు 30, రాత్రి 10:15)

అందరికీ ఒకసారి చెప్పాలని వచ్చాను. మూఢం మొదలై ఐదో రోజు.

పుస్తకం తీశాను. ఈ ఏడు 31 పెళ్ళిళ్ళు వండాం, అందులో ఆడపెళ్ళివారి తరఫున 19. మొదటి నాలుగు ఫోన్లు నేను చేశాను. "చూసి చెప్తాం" అన్నారు. ఐదోది నాన్నగారు లాక్కుని ఆయనే మాట్లాడారు. "అల్లుడు గారు పెళ్ళిలో పనసపొట్టు కూర మూడుసార్లు వేయించుకున్నారమ్మా, మళ్ళీ పెట్టొద్దా" అన్నారు. అది నిజమో కాదో నాకు తెలియదు. ఆర్డరు మాత్రం వచ్చింది. ఆ తర్వాత నాకు ఫోన్ ఇవ్వలేదు.

ఇప్పటికి మూడు రోజుల వంట నాలుగు ఇళ్ళు ఖాయం, సారెలు ఆరు, ఇంకో ఇద్దరు ఊగుతున్నారు. ఒకావిడ మాత్రం పెళ్ళిలో పెరుగు వడ అందలేదని ఏడు నెలల కోపం మొత్తం ఫోనులో తీర్చుకుంది. ఆవిడకి ఓ పది అరిసెలు పండక్కి పంపిస్తామన్నారు నాన్నగారు. అయ్యప్ప భిక్షలు ఇప్పటికి ఐదు చేశాం, డిసెంబరులో ఇంకా తొమ్మిది ఉన్నాయి. పదిమందిలో ఇద్దరు వెళ్ళిపోయారు, అడ్వాన్సు ముప్ఫై వేలు పోయినట్టే. ఎనిమిది మంది ఉన్నారు.

పెద్దకర్మ సంగతి. మా పెద్ద సహాయకుడు తన పేరు మీదే ఒకటి ఒప్పుకున్నాడు, రామచంద్రపురంలో. అద్దె గిన్నెలు, అద్దె ఆటో. మేము నాన్నగారికి చెప్పలేదు. సాయంత్రం వాడు షెడ్డుకి వచ్చి చేతులు కడుక్కుంటుంటే నాన్నగారు అటు తిరిగి కూర్చునే, "దప్పళం సరిపోయిందా" అని అడిగారు. సరిపోయిందన్నాడు. అంతకుమించి మాటల్లేవు.

ఇప్పుడు నా బాధ వేరేది. ఆరు సారెల్లో రెండు ముక్తేశ్వరం వైపు వెళ్ళాలి. పంటు (రేవు దాటించే బల్లకట్టు) మీద వ్యాను ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు ఆ కుదుపుకి మడత కాజాలు చిట్లిపోతాయేమోనని భయం. రావులపాలెం మీదుగా చుట్టూ తిరిగి వెళ్దామంటే పండగ ట్రాఫిక్కు. సారె కావిడి గారూ, మీరు రేవు దాటించేటప్పుడు వెదురు బుట్టల్లో ఎండుగడ్డి వేసి సర్దుతారా, అట్టపెట్టెలా? పెట్టెలైతే ఒకదాని మీద ఒకటి ఎన్ని పెట్టొచ్చు?

సారె కావిడి (డిసెంబరు 1, ఉదయం 5:20)

అట్టపెట్టెలే, మూడుకి మించి ఎక్కించకు. కాజా పాకం పూర్తిగా ఆరాకే సర్దమను. పూతరేకులు మాత్రం వ్యానులో వద్దు, ముందు సీటులో ఎవరి ఒళ్ళోనైనా పెట్టించు. మొదటి పంటుకే వెళ్ళిపో, ఎండెక్కాక క్యూ ఉంటుంది.